శీతోష్ణస్థితి మార్పు – కాఫీసాగు: దక్షిణ తమిళనాటి కొండలు, కోవిల్‌పట్టి–విరుదునగర మైదానము

పారిశ్రామిక యుగారంభము మొదలుకొని మానవుడు బొగ్గును, చమురును, అడవులను దహించుచు వచ్చుటచే భూతలపు సగటు ఉష్ణోగ్రత, 1850–1900 నాటి స్థితితో పోల్చి చూడగా, 2011–2020 దశాబ్దమునకు సుమారు 1.1 డిగ్రీ సెల్సియసు హెచ్చినది. ఈ హెచ్చు ఒక్కొక్క సస్యమును ఒక్కొక్క విధమున బాధించుచున్నను, ఇరుకైన ఉష్ణోగ్రతా పరిధిలో, కాలము తప్పని వానల నాశ్రయించి, పర్వతసానువులయందు బ్రతుకు కాఫీమొక్కకు కలుగు బాధ మిగుల తీవ్రమైనది. విరుదునగరము, కోవిల్‌పట్టి పట్టణములకు పడమరగను వాయవ్యముగను వ్యాపించిన పడమటి కనుమల శాఖలయందును, ఆంధ్రదేశమున తూర్పు కనుమల మన్యమునందును ఈ బాధ ఏ రూపముల నందినదో, దానికి రైతులును శాస్త్రజ్ఞులును ఏ ప్రతిక్రియల నవలంబించుచున్నారో ఈ వ్యాసమున సంగ్రహింపబడుచున్నది.

ప్రదేశ స్వరూపము

కోవిల్‌పట్టి తూత్తుక్కుడి జిల్లాలోనిది. విరుదునగరము, 1985లో పూర్వపు రామనాథపురము జిల్లాను విభజింపగా ఏర్పడిన జిల్లాకు ముఖ్యపట్టణము. ఈ రెండింటి నడుమ నున్న నేల తమిళులు కరిసల్ అని పిలుచు నల్లరేగడి; ప్రత్తి, జొన్న, సజ్జ, మినుము, మిరప ఇచటి పంటలు. పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి ఋతుపవనము ఈ భూమికి చాలవరకు దక్కదు. సాలీనా పడు సుమారు 700–750 మిల్లీమీటర్ల వానలో అధికభాగము ఈశాన్య ఋతుపవనము దయచేయునదే. మెట్టసేద్యమును గూర్చి పరిశోధించుటకు 1901లో కోవిల్‌పట్టియందు స్థాపింపబడిన వ్యవసాయ పరిశోధనా కేంద్రము దేశమున ప్రాచీనమైనవానిలో నొకటి.

విజయనగర, నాయకరాజుల కాలమున దక్షిణమునకు తరలిన తెలుగు కుటుంబములు ఈ మండలమున విస్తారముగ స్థిరపడినవి. రాజపాళయపు రాజులు, కోవిల్‌పట్టి పరిసరములందలి కమ్మవారు, రెడ్లు, కంబళత్తు నాయకులు నేటికిని ఇండ్లలో తెలుగే మాటలాడుచు, చదువు వ్రాతలు తమిళమున నడుపుకొనుచున్నారు. కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైసేవల్ గ్రామమున తెలుగు కుటుంబమున జన్మించి, తమిళ కథాసాహిత్యమున కరిసల్ సీమకు స్థానము సంపాదించిన కి. రాజనారాయణన్ (1923–2021) తన ‘గోపల్ల గ్రామము’ అను నవలలో ఈ వలస వృత్తాంతమునే చెప్పినాడు.

ఈ మైదానమున కాఫీ పండదు. అయినను కాఫీతో దీనికి మూడు విధముల సంబంధము కలదు. ఈ మండలపు ప్రధాన నది యగు వైప్పారు పడమటి కనుమల తూర్పువాలున జన్మించి వచ్చుచున్నది గాన, ఆ కొండల తరుచ్ఛాయ తగ్గినచో ఆ లోపము దిగువ చెరువులలో కానవచ్చును, ఇది మొదటిది. కొండపంటలకు విరుదునగరము చిరకాలముగ విపణి యగుట రెండవది. ఉదయమున కాఫీ త్రాగనిదే ప్రొద్దు పొడవని గృహములు ఇచట కొల్లలుగ నుండుట మూడవది.

కాఫీ పండు సమీపస్థానములు రెండు. తేని జిల్లాలోని మేఘమలై కొండలు మొదటివి. ఇచట తేయాకు, ఏలకులతో పాటు కాఫీ కలదు. దిండిగల్లు జిల్లాలోని దిగువ పళని కొండలు రెండవవి. తాండిగుడి, పణ్ణైక్కాడు, పెరుంబారై గ్రామముల చుట్టును 1,000 మొదలు 1,500 మీటర్ల యెత్తున అరబికా తోటలు పరచుకొన్నవి. కాఫీ బోర్డు వారి ప్రాంతీయ పరిశోధనా కేంద్రము తాండిగుడియందే కలదు. కొండ దిగువనున్న పట్టివీరన్‌పట్టి, గింజను శుద్ధిచేయు కర్మాగారములకు పేరొందిన ఊరు. జస్టిసు పార్టీ నాయకుడైన డబ్ల్యు.పి.ఎ. సౌందరపాండ్యన్ ఈ ఊరి కాఫీతోటల కుటుంబమువాడే. భారతదేశపు కాఫీలో సుమారు 70 శాతము కర్ణాటకమును, అయిదవవంతునకు పైగా కేరళమును పండింపగా, తమిళనాటి పాలు సుమారు 5 శాతము మాత్రమే. కాని అందు అధికభాగము, వేడిమికి మిక్కిలి సున్నితమైన అరబికాయే.

సస్య స్వభావము

లోకమున వాణిజ్యమునకు వచ్చు కాఫీ దాదాపు యావత్తును రెండు జాతులది. అరబికా ఇథియోపియా నైరృతి భాగపు ఎత్తైన అరణ్యములలో, మహావృక్షముల నీడన పుట్టిన మొక్క. రోబస్టా ఆఫ్రికా మధ్యభాగపు తేమగల పల్లపు అడవులది. అరబికాకు 15 మొదలు 25 డిగ్రీల ఉష్ణోగ్రతయు, 1,000–1,500 మీటర్ల ఎత్తును, 1,600–2,500 మిల్లీమీటర్ల వర్షమును అనుకూలములు. రోబస్టాకు 20 మొదలు 30 డిగ్రీల వేడిమియు, 500–1,000 మీటర్ల ఎత్తును తగియుండును. ఈ పరిధి దాటినపుడు అరబికా ఆకులలో ఆహారనిర్మాణము మందగించును. కాయ త్వరపడి పండును. గింజ నిండుటకు వలసిన కాలము చాలక బరువును, రుచికి ఆధారమగు సారమును తగ్గిపోవును.

కొండలపై ప్రతి 1,000 మీటర్లకును ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. అనగా ఒక్క డిగ్రీ వేడిమి పెరిగినచో, పూర్వపు చల్లదనమును పొందుటకు తోట సుమారు 150 మీటర్లు పైకి జరుగవలెను. అట్లు జరుగుటకు పైన చోటున్నదా యనునది అసలు ప్రశ్న. దిగువ పళని తోటలకు పైనున్నవి షోలా అడవులు, రక్షితారణ్యములు, 2,100 మీటర్ల యెత్తున కొడైకెనాలు పట్టణము. మేఘమలై ప్రాంతమున 2021లో శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల అభయారణ్యము ఏర్పడినది. కావున ఇచటి కాఫీరైతునకు కొండనెక్కి తప్పించుకొను మార్గము లేదు, ఉన్నచోటనే నిలువవలసియున్నది.

వానల కాలక్రమము

వేడిమి మెల్లమెల్లగ పెరుగును. వాన తప్పుట యన్ననో ఆ యేటికాయేడే రైతు అనుభవమునకు వచ్చును. కాఫీ జీవితమున రెండు వానలకు విశేష ప్రాముఖ్యము కలదు. వర్షాకాలము గడచిన పిమ్మట కొమ్మల కణుపులయందు మొగ్గలు రూపొంది, శీతకాలపు పొడి దినములలో నిద్రావస్థయందుండును. మార్చి, ఏప్రిల్ మాసములలో 25 మొదలు 40 మిల్లీమీటర్ల వాన పడెనా, ఆ మొగ్గలు మేల్కాంచి ఎనిమిది పది దినములలో తోట యంతయు ఒక్కసారిగా తెల్లబారి మల్లెల పరిమళమును వెదజల్లును. దీనికి పూతవాన యని పేరు. పిందె నిలుచుటకై, ఆ పిమ్మట కొలది వారములలో 50 మొదలు 75 మిల్లీమీటర్ల రెండవ వాన, అనగా వెనుకవాన, పడవలెను. రోబస్టాకు ఈ రెండు వానలును సుమారు ఒక మాసము ముందుగ రావలెను. అరబికా తన పుప్పొడితో తానే ఫలించును గాని, రోబస్టా పరపరాగసంపర్కము లేనిదే ఫలింపదు. గాలియు తేనెటీగయు దానికి ఆవశ్యకములు. పూచిన దినమున కుండపోతగ వాన కురిసినచో పుప్పొడి కొట్టుకొనిపోయి ఆ యేటి పంట సగము అచటనే తీరిపోవును.

ఈ కాలక్రమము చెడుటలో మూడు విధములు కలవు. చాలీచాలని జల్లు పడి, ఎండ తీవ్రమైనపుడు మొగ్గలు పూర్తిగ విచ్చుకొనక, ఆకుపచ్చని మొక్కవోయిన రేకులతో నిలిచి, ఫలింపక రాలిపోవును. శాస్త్రజ్ఞులు వీనిని నక్షత్రపుష్పములందురు. జనవరిలో అకాలవర్షము కురిసినచో, గత సంవత్సరపు పండ్లు కొమ్మమీద నుండగనే క్రొత్త పూత వచ్చి, కోత కోయు చేతులకే పూవులు రాలును. విడతలు విడతలుగ జల్లులు పడినచో పూతయు విడతలుగనే వచ్చును. అట్టి యేట ఒకే కొమ్మమీద పచ్చికాయ, పసుపు దిరిగిన దోర, ఎఱ్ఱని పండు, నల్లబడి యెండిన కాయ ఏకకాలమున కానవచ్చును. అరబికాను మేలైన గింజగ అమ్మవలెనన్న ఎఱ్ఱని పండునే ఏరవలెను గాన, కూలివారు ఒకే చెట్టుకడకు నాలుగైదు మారులు పోవలసివచ్చును. పంట పెరుగకయే కోతకూలి పెరుగును.

దిగువ పళని కొండలకు వేరొక చిక్కు కలదు. కొడగు, చిక్కమగళూరు తోటలకు ప్రధానవర్షము జూన్ మొదలు సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనమున పడగా, తూర్పుముఖముగ నున్న పళని వాలులకు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనము ముఖ్యము. పండు ఎఱ్ఱబడు కాలమును, వాయుగుండములు తీరమును తాకు కాలమును ఇచట ఒకటే. అతివృష్టిచే పండు పగిలి రాలును. కళ్ళములపై ఆరబెట్టిన గింజ ఎండక బూజుపట్టును.

చీడలు, తెగుళ్లు

భారతదేశపు అరబికాకు పరమశత్రువు తెల్లకాండము తొలుచు పురుగు. దీని పెంకుపురుగు ఏప్రిల్–మే మాసములలోను, మరల అక్టోబరు–డిసెంబరులోను బయల్వెడలి, ఎండసోకిన కాండముల బెరడు పగుళ్లలో గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగు లోనికి దొలుచుకొనిపోయి మాసములతరబడి కొయ్యను తినును. ఆకులు పసుపువారి, చెట్టు వడలినపుడు గాని రైతునకు జాడ తెలియదు. వేరుతో పెరికి కాల్చుట తప్ప పట్టిన చెట్టునకు మందు లేదు. నీడ దట్టముగ నున్న తోటలో ఈ పురుగు తక్కువ. నీడచెట్లు కూలి ఎండ చొరబడిన చోట దాని ఉద్ధృతి హెచ్చు. వేడిమి పెరుగుట, నీడ తరుగుట అను రెండును కూడివచ్చినపుడు అరబికా తోట కొలది సంవత్సరములలో పలుచబడును.

కాయతొలుచు పురుగు భారతదేశమున మొదట 1990లో నీలగిరి జిల్లా గూడలూరు ప్రాంతమున కానవచ్చి, క్రమముగ దక్షిణ రాష్ట్రముల తోటలకు వ్యాపించినది. వెచ్చదనము పెరిగినకొలది సంవత్సరమున దాని తరముల సంఖ్య పెరుగును. పూర్వము చలిచే దానికి దుర్గమముగ నుండిన ఎత్తులకును అది ఎగబ్రాకును. ఆకుత్రుప్పు తెగులు చరిత్ర అంతకన్న పాతది. 1869లో సింహళమున పొడసూపి, రెండు దశాబ్దములలో ఆ ద్వీపపు కాఫీని తుడిచిపెట్టి, తోటల యజమానులను తేయాకునకు మరలించినది ఈ శిలీంధ్రమే. ఆకుమీద తేమ నిలుచు దినములు పెరిగిన యేట ఇది విజృంభించును. ఎడతెగని ముసురులలో కొళెరోగమను నల్లకుళ్లు తోడై ఆకులను, పిందెలను రాల్చును.

గాలివానలు, అతివృష్టులు

2018 నవంబరు 16న వేదారణ్యము చెంత తీరము దాటిన గజ తుఫాను కావేరి పల్లపుభూముల కొబ్బరితోటలను కూల్చి, దిండిగల్లు జిల్లా మీదుగ కొడైకెనాలు కొండలవరకు వచ్చి చెట్లను నేలకొరగించినది. అదే సంవత్సరము ఆగష్టులో కొడగు, వయనాడు ప్రాంతముల అతివృష్టిచే కొండచరియలు విరిగి కాఫీతోటలు మట్టిక్రింద పూడినవి. 2023 డిసెంబరు 17, 18 తేదీలలో తూత్తుక్కుడి జిల్లా కాయల్‌పట్టణమున ఒక దినమున సుమారు 95 సెంటీమీటర్ల వాన కురిసినది. మెట్టనేలయగు కోవిల్‌పట్టియందు సంవత్సరమంతటి వానలో సగమునకు మించి ఆ ఒక్క విడతలోనే పడినది. వెచ్చనైన సముద్రమునుండి వెచ్చనైన గాలి మరింత నీటియావిరిని మోసుకొనివచ్చుట ఇట్టి వృష్టులకు భౌతికకారణము. కొండమీద కాఫీరైతునకును, దిగువ ప్రత్తిరైతునకును సంవత్సరపు మొత్తము వాన లెక్కకు సరిపోవుచున్నను, అక్కరకు రావలసిన దినమున అది రాకపోవుచున్నది.

ఆంధ్రదేశపు మన్యము

తెలుగునాట కాఫీ 1898లో తూర్పుగోదావరి మన్యమున పాములేరు లోయయందు ఆంగ్లేయులచే నాటబడినది. 1960 ప్రాంతమున అటవీశాఖ నాటిన తోటలు 1985లో అటవీ అభివృద్ధి సంస్థకు సంక్రమించినవి. పోడు వ్యవసాయమును మాన్పి గిరిజనులకు స్థిరమైన జీవనాధారము కల్పించు తలంపుతో పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ కాఫీని విస్తరింపజేసినది. నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో వేలకొలది గిరిజన కుటుంబములు, సిల్వర్ ఓక్ చెట్ల నీడన, ఆ చెట్లకే మిరియపు తీగలు ప్రాకించి, చిన్నకమతములలో అరబికా పండించుచున్నవి. ఆర్.వి.నగరమున కాఫీ బోర్డు ప్రాంతీయ పరిశోధనా కేంద్రము 1976 నుండి కలదు. అరకులోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఈ తోటలు సుమారు 900–1,100 మీటర్ల యెత్తున, అనగా అరబికాకు అనుకూలమైన ఎత్తులలో కనిష్ఠమైన అంచున నున్నవి. కొద్దిపాటి వేడిమి పెరిగినను వాని స్థితి సంకటమగును. 2014 అక్టోబరు 12న విశాఖతీరమును తాకిన హుద్‌హుద్ తుఫాను మన్యమున సిల్వర్ ఓక్ చెట్లను వేలకొలదిగ పడగొట్టినది. పడిన చెట్టు తన క్రిందనున్న కాఫీమొక్కలను నలుపుట ఒక నష్టము. మిగిలిన మొక్కలు నీడగోల్పోయి వేసవియెండకు మాడుట రెండవ నష్టము. నాటిన నీడచెట్టు మరల ఎదుగుటకు సంవత్సరములు పట్టుట మూడవది. అంతవరకు కాయతొలుచు పురుగు బెడద యెరుగని అరకు ప్రాంతమున 2025లో ఆ పురుగు బయల్పడుటయు, సోకిన కాయలను ఏరి నశింపజేయవలసి వచ్చుటయు ఇటీవలి సంగతులు.

విపణి, వినియోగము

1923లో విరుదుపట్టి యను పేరు మారి విరుదునగరమైన ఈ పట్టణము, నూనెలు, పప్పులు, మిరప, ఏలకుల వర్తకమునకు తమిళనాట ప్రసిద్ధికెక్కినది. ఈ విపణి ధరలను తమిళ పత్రికలు వారము వారము ప్రకటించును. ఆ పట్టికలో వేరుసెనగ నూనె, కందిపప్పుల సరసనే ప్లాంటేషన్, రోబస్టా అను కాఫీరకములును కనబడును. పండుతోలు ఒలిచి, కడిగి, ఎండబెట్టిన అరబికా ప్లాంటేషన్. పండుపండుగానే ఎండించినది చెర్రీ. గింజలను జల్లెడపట్టి, 6.65 మిల్లీమీటర్ల కన్నములపై నిలిచినదానిని ‘ఏ’ యనియు, అంతకు చిన్నవానిని ‘బి’, ‘సి’ యనియు విభజింతురు. కాయలో రెండు గింజలకు బదులు ఒకటే యెదిగి గుండ్రనైనచో అది ‘పీబీ’. వానలోపమున గింజ నిండని యేట ‘ఏ’ రకము తగ్గి ‘సి’ రకమును, నీటిపై తేలు తాలు కాయలును పెరుగును. కాబట్టి బస్తాల లెక్క మారకపోయినను రైతునకు చేరు ధనము మారును. కొండమీద తప్పిన వానను జల్లెడ వర్తకునకు తెలియజెప్పును.

బ్రెజిలు, వియత్నాము దేశముల అనావృష్టియు ఈ ధరలను శాసించుచున్నది. బ్రెజిలున 1975 జూలైలోను, మరల 2021 జూలైలోను మంచు కాఫీతోటలను మాడ్చినది. అచటి అనావృష్టి అనంతరము 2025 ఫిబ్రవరిలో అరబికా ధర న్యూయార్కు విపణిలో పౌనుకు 4 డాలర్లు దాటి పూర్వపు రికార్డులను మీరినది. ధర పెరిగినపుడు మైదానపు గృహిణి కాఫీపొడిలో చికోరీ పాలు పెంచును. అట్టి మిశ్రమమున కాఫీ 51 శాతమునకు తగ్గరాదని ఆహార నిబంధన. మదురై–తిరునెల్వేలి రాజమార్గమున వరుసతీరిన అంగళ్లలో తాటిబెల్లపు కాఫీకి గిరాకి నానాటికి పెరుగుచున్నది. చక్కెరకు బదులు తాటిబెల్లము నొసగు తాటిచెట్టు అనావృష్టికి చలింపదు గాని, దానికి తోడగు కాఫీగింజకు ఆ ధైర్యము లేదు.

ప్రతిక్రియలు

నీడను కాపాడుట ప్రతిక్రియలలో మొదటిది. భారతీయ కాఫీ ప్రాయికముగ రెండంతస్తుల నీడన పండును: పైన అత్తి, పనస మొదలగు మహావృక్షములు, వాని క్రింద ములుమోదుగ, సిల్వర్ ఓక్. నీడ తోటలోని వేడిమిని కొన్ని డిగ్రీలు తగ్గించును. రాలిన ఆకు నేలతేమను నిలుపును. పళని కొండలలో కమలాలు, కొండ అరటి, మిరియము కాఫీతో కలిపి పెంచు ఆచారము, ఒక పంట పోయినను మరియొకటి రైతును నిలుపు ఉపాయము. విరూపాక్షి, సిరుమలై కొండ అరటులకు భౌగోళిక గుర్తింపును కలదు.

మేలైన వంగడముల నాశ్రయించుట రెండవది. 1925లో బాలెహొన్నూరున స్థాపితమైన పరిశోధనాలయము విడుదల చేసిన ఎస్.795 నేటికిని మన అరబికా తోటలలో ప్రధానమైనది. 2007లో వచ్చిన చంద్రగిరి పొట్టిగ పెరిగి త్రుప్పును తట్టుకొనును. అరబికాను వదలి రోబస్టాకు మారుట మూడవ మార్గము. దేశపు ఉత్పత్తిలో సుమారు 70 శాతము ఇప్పటికే రోబస్టా. కాని వియత్నాము, ఇండోనేషియా తోటలను పరిశీలించి 2020లో వెలువడిన అధ్యయనము, రోబస్టా కూడ అనుకొన్నంత ఉష్ణసహిష్ణువు కాదనియు, అనుకూలమైన స్థాయి దాటి సగటున ఒక డిగ్రీ పెరిగినచో దిగుబడి సుమారు 14 శాతము పడిపోవుననియు తేల్చినది. పూతవానకు బదులు తుంపరసేద్యముతో పూత తెప్పించుట నీటికుంటలు గల పెద్దతోటలకే సాధ్యము.

ఇక దూరపు ఉపాయము అడవిజాతులయందు కలదు. ప్రపంచమున 124 అడవి కాఫీజాతులు కలవనియు, వానిలో 60 శాతము అంతరించు ప్రమాదముననున్నవనియు 2019లో శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. వేడిమికి ఓర్చుకొనుచు రుచిలో అరబికాకు దీటగు స్టెనోఫిల్లా జాతి సియెర్రా లియోను అడవులలో 2018లో మరల కనుగొనబడినది. దక్షిణభారతమున సైతము కాఫియా వైటియానా, కాఫియా ట్రావంకోరెన్సిస్ అను స్వదేశీ జాతులు కలవు. వీనిలో మొదటిది మెట్టప్రాంతపు పొదలలో పెరుగును. గింజలో కెఫీను దాదాపు లేదు. పానీయమునకు పనికిరాదని నేటివరకు ఉపేక్షింపబడిన ఈ పొదలు, అనావృష్టిని సహించు గుణమునకు రేపు మూలము కావచ్చును గాన సంరక్షణార్హములు.

అంతిమ నిర్ణయము

2050 నాటికి లోకమున కాఫీకి అనువైన భూమి సుమారు సగమునకు తగ్గునని 2015 నాటి ఒక ప్రసిద్ధ అధ్యయనము అంచనా వేసినది. ఆ సగములో పళని కొండయు, అరకులోయయు మిగులునా లేదా యనునది వంగడముకన్న నీడమీదను, నీడ నీటిమీదను, ఈ రెండింటిని కాపాడు రైతు చేతిసత్తువమీదను ఆధారపడియున్నది. మన కాఫీరైతులలో నూటికి 98 మంది పది హెక్టార్లకు లోపు భూమి గలవారే. కలపకై మహావృక్షమును అమ్ముకొనవలసిన అవసరము వారికి కలిగిన దినమున ఏ పరిశోధనయు తోటను నిలుపజాలదు. కాఫీ బోర్డు ఒకప్పుడు పూతవాన, వెనుకవానల లోపమునకు వర్షబీమా పథకమును నడిపినది. అట్టి బీమాను చిన్నకమతములకు చాలునంతగ విస్తరించుటయు, నీడచెట్టును నరుకక నిలిపిన రైతునకు ఏటేట కొంత ప్రతిఫలము ముట్టజెప్పుటయు ప్రభుత్వముల కర్తవ్యములు. ఆ నీడవలన చెరువు నిండు మైదానవాసులును, ఆ గింజతో ప్రొద్దు గడుపు పట్టణవాసులును ఈ భారములో పాలుపంచుకొనుట న్యాయము.